జో శాట్రియానీ రికార్డులు, మా అత్తయ్య వీణ

1980ల చివరి సంవత్సరాల్లో విశాఖపట్నంలో పాశ్చాత్య సంగీతం వినేవాళ్ళకు దుకాణాల కంటే ఓడలే పెద్ద ఆధారం. జగదాంబ సెంటర్లోనూ డాబాగార్డెన్స్‌లోనూ క్యాసెట్ల షాపులు ఉండేవి గాని, వాటిలో ఇంగ్లీషు పాటలకు ఒక చిన్న అర మాత్రమే కేటాయించేవారు, ఆ అరలో కూడా అందరికీ తెలిసిన పేర్లే కనిపించేవి. కొత్త సంగీతం మాత్రం హార్బరు గేటు దాటి వచ్చేది. మర్చంట్ నేవీలో పనిచేసేవాళ్ళు, నేవల్ బేస్‌లో ఉండే స్నేహితుల అన్నయ్యలు సింగపూర్ వంటి రేవుల్లో కొని తెచ్చిన క్యాసెట్లు ఒక ఇంటి నుంచి మరో ఇంటికి తిరిగి, రెండు డెక్కుల టేప్ రికార్డర్లలో కాపీ అయి, ఆ కాపీకి మరో కాపీ అయి, చివరకు పాట కంటే టేపు రొదే ఎక్కువగా వినిపించే దశకు చేరేవి. మా చినవాల్తేరు ఇంటికి అమెరికన్ రాక్ గిటారిస్టు జో శాట్రియానీ సంగీతం వచ్చింది ఆ దారినే. మెరైన్ ఇంజనీరుగా పనిచేసే మా బావ సెలవుకు వచ్చినప్పుడు తెచ్చిన క్యాసెట్లలో ‘సర్ఫింగ్ విత్ ది ఏలియన్’ ఒకటి. అట్ట మీద వెండి రంగు మనిషి ఒకడు పలక మీద నిలబడి ఆకాశంలో దూసుకుపోతున్నాడు. అది మార్వెల్ కామిక్స్‌లోని సిల్వర్ సర్ఫర్ బొమ్మ అని బావే చెప్పాడు.

ఆ రోజుల్లో మా ఊళ్ళో గిటారు అంటే చర్చిలోనూ, కాలేజీ వార్షికోత్సవాల్లోనూ, రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో జరిగే డాన్సుల్లోనూ వినిపించే వాయిద్యం. నాకు గిటారు నేర్పిన మాస్టారు రైల్వేలో పనిచేసి రిటైరై, రైల్వే న్యూ కాలనీలో స్థిరపడిన పెద్దమనిషి. ఆయనకు షాడోస్ బృందం వారి ‘అపాచీ’ అంటే ప్రాణం. 1960లో వచ్చి ఇంగ్లండు జాబితాల్లో మొదటి స్థానానికి చేరిన ఆ రికార్డులో గాయకుడు లేడు, గిటారే పాట మొత్తాన్ని మోస్తుంది. కాబట్టి మాటలు లేని గిటారు సంగీతం మాకు కొత్త కాదు. నా దగ్గర ఉన్నది కలకత్తాలో తయారైన గివ్‌సన్ గిటారు, కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌లో తెలిసినవాళ్ళతో తెప్పించుకున్నది. మా ఇంటికి సముద్రం ఎంత దగ్గరంటే, వాయించినా వాయించకపోయినా ఉప్పు గాలికి తీగలు తుప్పు పట్టేవి. రాత్రి పడుకునే ముందు పొడి గుడ్డతో ఒక్కొక్క తీగనూ పట్టి తుడిచి, గిటారును పాత దుప్పటిలో చుట్టి బీరువా పక్కన నిలబెట్టడం నా దినచర్యలో భాగమైపోయింది.

అటువంటి ఇంట్లో ఆ క్యాసెట్ మొదటిసారి మోగినప్పుడు మేమంతా గాయకుడు ఎప్పుడు అందుకుంటాడా అని ఎదురుచూశాం. ‘అపాచీ’ వంటివి ఒక రికార్డుకు ఒకటి ఉండడం తెలుసు గాని, రెండు వైపులా, మొదటి నుంచి చివరి దాకా గిటారే ఉండే రాక్ క్యాసెట్‌ను మేము అప్పటికి వినలేదు. రాక్ సంగీతం మాటల మీద, గాయకుడి ముఖం మీద నడిచే వ్యాపారం. 1975లో జెఫ్ బెక్ ‘బ్లో బై బ్లో’ అనే మాటల్లేని ఆల్బమ్‌తో అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో 4వ స్థానానికి చేరిన మాట నిజమే గాని, ఆయన అప్పటికే పేరుమోసిన బృందాల్లో వాయించి వచ్చినవాడు. పేరు లేని మనిషి, పాడని మనిషి, గిటారు ఒక్కదానితో ప్రజల ఇళ్ళల్లోకి వెళ్ళగలడని రికార్డు కంపెనీలు నమ్మే పరిస్థితి లేదు. శాట్రియానీ కథలో నన్ను ఇన్నేళ్ళుగా కట్టిపడేసింది ఈ విషయమే: ఆయన ఎవరి నమ్మకం కోసమూ ఆగలేదు, తన గిటారుకు తనే పాటలు రాసిపెట్టాడు.

జో శాట్రియానీ 1956 జులై 15న న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్‌బరీలో పుట్టాడు. 1970 సెప్టెంబర్ 18న రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ చనిపోయాడన్న వార్త విన్నప్పుడు ఆయన వయసు 14 ఏళ్ళు. స్కూల్లో ఫుట్‌బాల్ సాధన జరుగుతుండగా ఆ కబురు తెలిసి, నేరుగా కోచ్ దగ్గరకు వెళ్ళి, తాను ఆట మానేస్తున్నాననీ గిటారు వాయిస్తాననీ చెప్పేశాడు. ఈ సంగతి ఆయన గురించి రాసిన ప్రతివాళ్ళూ చెబుతారు. నాకు మాత్రం దాని తర్వాత జరిగింది మరింత ముఖ్యంగా కనిపిస్తుంది. 1974లో ఆయన జాజ్ గిటారిస్టు బిల్లీ బావర్ దగ్గరా, పియానో విద్వాంసుడు లెనీ ట్రిస్టానో దగ్గరా పాఠాలు చెప్పించుకున్నాడు. ట్రిస్టానో అంధుడు, శిష్యుల విషయంలో మహా కఠినుడు. ఆయన పద్ధతిలో శిష్యుడు పేరున్న విద్వాంసుల సోలోలను వాద్యం మీదికి తెచ్చే ముందు గొంతుతో పాడాలి. రికార్డుతో పాటు స్వరం స్వరం పాడి, నోటికి వచ్చిన తర్వాతే వేళ్ళకు అప్పగించాలి. మన దగ్గర వీణకో వయొలిన్‌కో వెళ్ళే పిల్లల చేత ముందు సరళీ స్వరాలూ గీతాలూ నోటితో పాడించే పద్ధతికి ఇది చాలా దగ్గర. రాక్ గిటారిస్టుల్లో ఈ క్రమశిక్షణ దాటి వచ్చినవాళ్ళు తక్కువ, శాట్రియానీ వాయింపులో అది అడుగడుగునా తెలుస్తుంది.

ఆయన పేరు రికార్డుల మీద కంటే ముందు శిష్యుల నోళ్ళలో తిరిగింది. ఇంకా స్కూలు వయసులోనే, తన కంటే చిన్నవాడైన స్టీవ్ వై అనే కుర్రాడికి పాఠాలు చెప్పాడు. 1978లో కాలిఫోర్నియాలోని బర్కిలీకి మకాం మార్చి, ఒక గిటార్ల దుకాణంలో కూర్చుని పాఠాలు చెబుతూ బతికాడు. మెటాలికా అనే రాక్ బృందంలో చేరిన కర్క్ హామెట్, టెస్టమెంట్ బృందపు అలెక్స్ స్కోల్నిక్, ప్రైమస్ బృందపు లారీ లలాండ్ ఆ దుకాణంలో ఆయన ఎదుట కూర్చుని నేర్చుకున్నవాళ్ళే. శిష్యులు ఒక్కొక్కరూ పెద్ద వేదికలెక్కుతుంటే గురువు మాత్రం అదే గదిలో గంట గంటకూ కొత్త విద్యార్థిని కూర్చోబెట్టుకుంటూ ఉండిపోయాడు. మా మాస్టారికి నేను ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన చాలాసేపు తల పంకించారు. పాఠాలు చెప్పుకుని బతికే మనిషికి ఆ పరిస్థితి వేరే వివరించనక్కర్లేదు.

సాయంత్రాల్లో శాట్రియానీ స్క్వేర్స్ అనే ముగ్గురు సభ్యుల బృందంలో వాయించేవాడు. ఆ బృందంలో డ్రమ్ములు వాయించిన జెఫ్ క్యాంపిటెల్లీ ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆయన రికార్డుల్లో కనిపిస్తాడు. స్క్వేర్స్‌కు రికార్డు కంపెనీ ఒప్పందం దొరకలేదు. ఆ సమయంలో ఆయన చేసిన పని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 1984లో తన భార్య రూబీనా పేరుతో ఒక సొంత రికార్డుల లేబుల్ పెట్టుకుని, ఐదు రచనలతో ఒక చిన్న రికార్డు విడుదల చేశాడు. అందులో వినిపించే ప్రతి శబ్దమూ ఎలక్ట్రిక్ గిటారు నుంచి వచ్చిందే. బేస్ వాద్యం కావలసిన చోట తీగలను బాగా కిందికి శ్రుతి చేసి వాయించాడు. తాళం కావలసిన చోట, గిటారుకు మరలు బిగించే ఇనుప తాళంచెవి వంటి పనిముట్లతో తీగల మీదా, తీగల కదలికను పట్టుకునే పికప్పుల మీదా కొట్టి ఆ చప్పుడును రికార్డు చేశాడు. డ్రమ్ము లేదు, కీబోర్డు లేదు, మరో మనిషి వాద్యం లేదు. ఎవరికీ అమ్ముడుపోవాలని చేసిన రికార్డు కాదది. అయితే స్టూడియోలో ఒక్క వాద్యంతో ఎంత లోకాన్ని నిర్మించవచ్చో ఆయన అక్కడే నేర్చుకున్నాడు. గిటారిస్టులు చాలామంది వాయించడం నేర్చుకుంటారు, రికార్డు చేయడం ఇంజనీరుకు వదిలేస్తారు. శాట్రియానీ రెండోదాన్ని కూడా తన విద్యగానే సాధన చేశాడు. తర్వాతి విజయానికి పునాది అక్కడ పడిందని నా అభిప్రాయం.

పూర్తి స్థాయి ఆల్బమ్‌కు డబ్బు లేదు. పోస్టులో వచ్చిన ఒక క్రెడిట్ కార్డు ఉంది. ఆ కార్డు మీద అప్పు చేసి స్టూడియో ఖర్చులు పెట్టుకుని ‘నాట్ ఆఫ్ దిస్ ఎర్త్’ రికార్డు చేశాడు. అప్పుల వాళ్ళు వెంటబడుతుండగా గ్రెగ్ కిన్ బృందంలో గిటారిస్టుగా ఉద్యోగం దొరికింది, ఆ జీతంతో బాకీ తీర్చాడు. ఈలోగా శిష్యుడు స్టీవ్ వై ఎదిగాడు. రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాపా దగ్గర పనిచేసి, 1984లో ఇంట్లోనే ‘ఫ్లెక్సబుల్’ అనే సొంత ఆల్బమ్ చేసి, దాన్ని రెలటివిటీ రికార్డ్స్ అనే చిన్న కంపెనీ ద్వారా మార్కెట్లోకి పంపాడు. గురువుగారి టేపును వై ఆ కంపెనీ మనిషి క్లిఫ్ కల్ట్రేరీకి అందజేశాడు. 1986లో ఆల్బమ్ బయటికి వచ్చింది. తనకు వేళ్ళు పెట్టడం నేర్పిన మనిషికి శిష్యుడు తలుపు తీసిన ఈ ఘట్టం నాకు చాలా ఇష్టం. వై ఆ తర్వాత డేవిడ్ లీ రాత్ బృందంతో పెద్ద పేరు తెచ్చుకున్నప్పుడు కూడా, పత్రికల వాళ్ళు ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే ముందు చెప్పిన పేరు శాట్రియానీదే.

‘నాట్ ఆఫ్ దిస్ ఎర్త్’ మా చేతికి వచ్చింది మాత్రం రెండో ఆల్బమ్ విన్న చాలా రోజులకు. దాని మొదటి రచనలో ఒక విశేషం ఉంది. కింద ఆధార స్వరం కదలదు, ఇంగ్లీషు పద్ధతిలో చెప్పాలంటే ‘ఇ’ స్వరం. దాని మీద ఒక్కసారే మోగే స్వరాల గుచ్ఛం (కార్డ్) మారేకొద్దీ స్వరస్థానాలు మొత్తం మారిపోతాయి. స్కూల్లో తన సంగీతం మాస్టారి దగ్గర నేర్చుకున్న ఈ ప్రక్రియను ఆయన పిచ్ యాక్సిస్ అంటాడు. నేను దాన్ని కాగితం మీద రాసుకుని మా మేనత్తకు చూపించాను. అత్తయ్య విజయనగరం సంగీత కళాశాలలో వీణ నేర్చుకుంది, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ గురించి ఆ కళాశాలలో చెప్పుకునే కథలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. కాగితం చూసి, ‘‘షడ్జమం కదలకుండా ముందు కళ్యాణి స్వరాలు, తర్వాత నటభైరవివి, మళ్ళీ కళ్యాణి, ఆ మీదట హరికాంభోజివి. రాగమాలిక కట్టుకున్నాడన్నమాట, ఒక్కో రాగానికి రెండు నిమిషాల ఓపిక మాత్రం లేదు’’ అంది. గమకం లేకుండా స్వరస్థానాలు ఒకటైనంత మాత్రాన రాగం ఒకటి కాదని కూడా వెంటనే చేర్చింది. ఆ జాగ్రత్త ఆమె ఎప్పుడూ వదల్లేదు.

ఇక ‘సర్ఫింగ్ విత్ ది ఏలియన్’ సంగతి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని హైడ్ స్ట్రీట్ స్టూడియోలో, రికార్డింగ్ ఇంజనీరు జాన్ క్యూనిబెర్టీతో కలిసి చిన్న బడ్జెట్‌లో చేసిన ఆల్బమ్ అది. డ్రమ్ముల్లో చాలా భాగం యంత్రాలకు ప్రోగ్రామ్ చేసి పెట్టినవే. బేస్, కీబోర్డులు ఎక్కువగా శాట్రియానీ తనే వాయించుకున్నాడు. పేరు పెట్టిన రచనలో ప్రధాన గిటారు ధ్వనికి వావా పెడల్, ట్యూబ్ డ్రైవర్, ఈవెంటైడ్ హార్మొనైజర్ అనే ధ్వనిని మార్చే పరికరాలు కలిపి వాడారు. టేకు పూర్తయ్యాక ఆ హార్మొనైజర్ పాడైపోయింది, బాగుచేసి తెచ్చాక మళ్ళీ ఎంత ప్రయత్నించినా ఆ ధ్వని తిరిగి రాలేదు, మనం వినేది ఆ ఒక్క టేకే. 1987 అక్టోబర్‌లో విడుదలైన ఆ ఆల్బమ్ బిల్‌బోర్డ్ 200 జాబితాలో 29వ స్థానానికి ఎక్కి, 75 వారాలు ఆ జాబితాలో నిలిచింది. తర్వాత అమెరికాలో పది లక్షల ప్రతులకు ఇచ్చే ప్లాటినం గుర్తింపు కూడా వచ్చింది. విడుదల నాటికి ఆయన వయసు 31 ఏళ్ళు. హెండ్రిక్స్ పోయిన రోజు గిటారు పట్టిన కుర్రవాడికి సొంత పేరుతో జనం దగ్గరకు వెళ్ళడానికి 17 ఏళ్ళు పట్టిందన్నమాట.

ఎందుకు అంతమంది కొన్నారు? వేగం కోసమని అప్పట్లో చాలామంది అనుకున్నారు, మా కాలేజీ స్నేహితులు కూడా. ‘శాచ్ బూగీ’లోని పరుగు విని నోరు వెళ్ళబెట్టని గిటారు విద్యార్థి ఉండడు. ‘మిడ్‌నైట్’లో రెండు చేతుల వేళ్ళూ మెట్ల మీదే ఆడుతూ రెండు గిటార్లు కలిసి మోగుతున్నట్టు వినిపించడం మరో వింత. కానీ ఆ కాలంలో అంత వేగంగా వాయించేవాళ్ళు అమెరికాలో ఇంకా ఎందరో ఉన్నారు, వాళ్ళ రికార్డులను గిటారు నేర్చుకునేవాళ్ళు తప్ప ఎవరూ కొనలేదు. శాట్రియానీని ఇళ్ళల్లో వంట చేసుకుంటూ కూడా విన్నారు. దానికి కారణం ఏమిటో మా ఇంట్లో గిటారు ముట్టని మనిషి చెప్పింది.

‘ఆల్వేస్ విత్ మీ, ఆల్వేస్ విత్ యూ’ అనే రచన నెమ్మదిగా సాగేది. వెనక ఒక గిటారు ఒక్కొక్క తీగనూ విడదీసి పలికిస్తుంటే, ముందు మరో గిటారు పాట అందుకుంటుంది. ఒక మధ్యాహ్నం నేను టేప్ రికార్డర్ ముందు కూర్చుని అదే చరణం మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పుకుంటున్నాను. మా టేప్ రికార్డర్ మోటారు కాస్త వేగంగా తిరిగేది కాబట్టి ఏ పాటయినా అసలు శ్రుతి కంటే ఒకింత పైన వినిపించేది, గిటారు తీగలను ఆ యంత్రానికి తగ్గట్టు బిగించుకుని కూర్చోవలసి వచ్చేది. అత్తయ్య చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటోంది. హఠాత్తుగా చేయి ఆపి, ‘‘ఒరేయ్ నాన్నా, దీనికి సాహిత్యం ఉందా?’’ అని అడిగింది. లేదు అత్తయ్యా, గిటారు కోసమే రాసుకున్నది అన్నాను. ‘‘లేకపోతే ఇక్కడ ఊపిరెందుకు తీసుకున్నాడ్రా? మళ్ళీ వెయ్యి’’ అంది. వేశాను. వాక్యం ముగిసిన చోట స్వరం సాగి, సన్నగా ఊగి, ఆగింది. తర్వాతి వాక్యం అందుకునే ముందు చిన్న ఖాళీ ఉంది. గిటారుకు ఊపిరి అక్కర్లేదు, ఆ ఖాళీ లేకుండానే వాయించుకుంటూ పోవచ్చు. చాలామంది అలాగే పోతారు.

ఆ తర్వాత ఆమె వీణ దగ్గర కూర్చుని నాకు చేసి చూపించింది. త్యాగరాజ కీర్తన వాయించేటప్పుడు వైణికుడు తోచిన చోటల్లా మీటడు. సాహిత్యంలో అక్షరం పడిన చోట మీటు పడాలి, అక్షరం సాగిన చోట ఎడమ చేతి వేలు తీగను పక్కకు లాగి గమకం పలికించాలి, ఒక్క మీటు మీదే రెండు మూడు స్వరాలు పలకాలి. అలా వాయిస్తేనే పాట తెలిసినవాళ్ళకు లోపల మాటలు వినిపిస్తాయి. శాట్రియానీ పద్ధతి కూడా అదే. కుడి చేత్తో ఒక్కసారి మీటి, ఎడమ చేతి వేళ్ళు మెట్ల మీద తట్టుతూ లేపుతూ ఎన్నో స్వరాలను అతుకు తెలియకుండా కలిపేస్తాడు. గిటారు కింద ఉండే వ్యామీ బార్ అనే ఇనుప కడ్డీని వేలితో తాకి, నిలిచిన స్వరాన్ని గొంతులా వణికిస్తాడు. వినేవాడికి ఎక్కడో ఒక భాషలో ఎవరో పాడుతున్నట్టే ఉంటుంది. మాటల్లేని వాద్యాన్ని డబ్బు పెట్టి కొని ఇంటికి తెచ్చుకుని వినడం మన తెలుగువాళ్ళకు కొత్త కాదు. చిట్టిబాబు గారి వీణ ఎల్.పి.లు ఎన్ని ఇళ్ళల్లో ఉండేవో ఆ తరం వాళ్ళకు తెలుసు. ఆయన కీర్తనలతో ఆగకుండా వీణ కోసమే సొంత రచనలు చేశాడు, జనం వాటినీ నెత్తిన పెట్టుకున్నారు. శాట్రియానీ ఎందుకు గెలిచాడో మా అత్తయ్యకు అంత తొందరగా అర్థం కావడంలో వింతేమీ లేదు.

విజయం వెంట అవకాశాలు వరసగా వచ్చాయి. 1988లో రోలింగ్ స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ తన సొంత బృందంతో జపాన్, ఆస్ట్రేలియా దేశాల్లో పర్యటించినప్పుడు ప్రధాన గిటారిస్టుగా శాట్రియానీని తీసుకువెళ్ళాడు, కచేరీలో ఆయన ఒక్కడే వాయించడానికి ప్రత్యేకంగా సమయం కూడా ఇచ్చాడు. అదే సంవత్సరం ‘డ్రీమింగ్ నంబర్ ఎలెవెన్’ అనే చిన్న రికార్డు వచ్చింది, అందులో ఎక్కువ భాగం కచేరీలో రికార్డు చేసినదే.

1989లో వచ్చిన ‘ఫ్లయింగ్ ఇన్ ఎ బ్లూ డ్రీమ్’ విషయంలో నాకూ నా స్నేహితులకూ ఏళ్ళ తరబడి వాదన నడిచింది. 18 రచనలున్న ఆ ఆల్బమ్‌లో ఆరింటిలో శాట్రియానీ స్వయంగా పాడాడు. బిల్‌బోర్డ్‌లో అది 23వ స్థానానికి, అంటే ముందు ఆల్బమ్ కంటే పైకి వెళ్ళింది. గొంతు చెడ్డదని నేను అనను. కానీ గిటారుతో అంత వివరంగా పలికించగల మనిషి మాటలు పట్టుకుని పాడినప్పుడు, అదే భావం చిన్నదైపోయినట్టు నాకు అనిపిస్తుంది. ఆల్బమ్‌కు పేరు పెట్టిన మొదటి రచన ఒక్కటి వింటే చాలు. ఆంప్లిఫయర్ ఎదుట గిటారును నిలబెడితే తీగ తనంత తానే మోగడం మొదలుపెడుతుంది, ఆ నాదంతోనే రచన మొదలవుతుంది. తర్వాత వచ్చే పాట ఎత్తుగడ లిడియన్ స్వరాల్లో, అంటే మన మేచకళ్యాణి స్వరస్థానాల్లో నడుస్తుంది. ప్రతి మధ్యమం మా చెవులకు ఎంత అలవాటైనదో చెప్పనక్కర్లేదు. సాయంత్రం ఆర్కే బీచ్ నుంచి ఇంటికి నడిచి వస్తూ మా స్నేహితుల గుంపు ఆ ఎత్తుగడను ఈల వేసేది, అందులో ఇద్దరికి సంగీతం బొత్తిగా రాదు. రాని వాళ్ళ నోట కూడా నిలబడిందంటే ఆ రచనలో ఉన్న పాటతనానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

1992లో ‘ది ఎక్స్‌ట్రీమిస్ట్’ వచ్చింది. యంత్రాల డ్రమ్ములతో మొదలైన మనిషి ఈసారి మ్యాట్ బిస్సొనెట్, గ్రెగ్ బిస్సొనెట్ అనే అన్నదమ్ములను బేస్, డ్రమ్ములకు పెట్టుకుని, బృందమంతా గదిలో కలిసి వాయించిన ధ్వనిని సాధించాడు. ఆ తేడా మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. ఆ ఆల్బమ్ 22వ స్థానానికి చేరింది, ‘సమ్మర్ సాంగ్’ అనే రచనను సోనీ డిస్క్‌మన్ వ్యాపార ప్రకటనలో వాడడంతో గిటారు అంటే ఏమిటో పట్టని వాళ్ళకు కూడా అది పరిచయమైంది. మా ఊళ్ళో కేబుల్ టీవీ తీగలు డాబాల మీదుగా పాకుతున్న కాలమది. అంతవరకు అట్ట మీద ఫొటోలో చూసిన మనిషి వేళ్ళు తెర మీద కదులుతుంటే చూడడం మాకు ఆ రోజుల్లోనే సాధ్యమైంది. ఇన్నాళ్ళు చెవితో ఊహించుకున్న వేలి స్థానాలకూ ఆయన నిజంగా పెట్టిన చోట్లకూ పొంతన చూసుకోవడానికి టీవీకి మూరెడు దూరంలో కూర్చునేవాళ్ళం. ‘క్రయింగ్’ అనే నెమ్మది రచనలో ఒక్కొక్క స్వరానికి ఆయన ఎంత సమయం ఇస్తాడో, మీటిన తర్వాత వేలు తీగ మీద ఎంతసేపు కదులుతూనే ఉంటుందో చూస్తే, అత్తయ్య వీణ దగ్గర చెప్పిన పాఠమే మళ్ళీ కనిపించేది.

తర్వాతి సంవత్సరాల గురించి ఎక్కువ చెప్పను, అప్పటికి ఆయన ఎదుగుదల పూర్తయింది. 1993 చివర్లో గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ వెళ్ళిపోవడంతో డీప్ పర్పుల్ అనే రాక్ బృందానికి జపాన్ కచేరీల్లోనూ, మరుసటి ఏడాది యూరప్ పర్యటనలోనూ గిటారు వాయించి, వాళ్ళు శాశ్వతంగా ఉండమన్నా ఉండకుండా తన రికార్డుల పనికి తిరిగి వచ్చాడు. అంత పెద్ద బృందంలో చోటు వదులుకోవడం మామూలు విషయం కాదు. ఇతరుల పాటలకు అలంకారంగా ఉండడం కంటే తన పాట తాను వాయించుకోవడమే ఆయనకు ముఖ్యమని అప్పుడు స్పష్టంగా తెలిసింది. 1996లో స్టీవ్ వై, ఎరిక్ జాన్సన్‌లతో కలిసి జీ3 పేరుతో ముగ్గురు గిటారిస్టుల కచేరీలు మొదలుపెట్టాడు, ఆ కచేరీల రికార్డు 1997లో వచ్చింది. గ్రామీ పురస్కారానికి ఆయన పేరు 15 సార్లు పరిశీలనకు వెళ్ళింది, ఒక్కసారి కూడా రాలేదు. నాకది అన్యాయంగానే కనిపిస్తుంది.

మా ఊళ్ళో ఆ క్యాసెట్లు ఊరికే పోలేదు. యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ ఉత్సవాల్లో గాయకుడు లేకుండా గిటారు రచన వాయించడానికి మా తర్వాతి కుర్రవాళ్ళు ధైర్యం చేశారు, ప్రేక్షకులు కూర్చుని విన్నారు. మా మాస్టారు చివరి రోజుల్లో ‘అపాచీ’తో పాటు ‘ఆల్వేస్ విత్ మీ’ని కూడా శిష్యులకు చెప్పడం మొదలుపెట్టారు. స్వరాలు రాసిన కాగితంలో ఊపిరి తీసుకోవలసిన చోట ఎర్ర సిరాతో చిన్న గీత పెట్టేవారు, ఆ గీతలు పెట్టించింది మా అత్తయ్యేనని చాలామంది శిష్యులకు తెలియదు.

2024లో శాట్రియానీ, స్టీవ్ వై ఇద్దరూ కలిసి పర్యటించారు, ‘ది సీ ఆఫ్ ఇమోషన్’ అనే రచనను కలిసి రాసి రికార్డు చేశారు. గురువు, శిష్యుడు తొలి పాఠం నాటి నుంచి ఒక రచనను కలిసి రాసి విడుదల చేయడానికి అర్ధ శతాబ్దం పట్టింది. ఇప్పుడు ఓడ రావలసిన పని లేదు, విడుదలైన రోజే విశాఖలో ఫోనులో విన్నాను. ఎవరి వంతు ఎప్పుడు వస్తోందో పేర్లు చూడకుండానే చెప్పవచ్చు. వై తీగను ఊహించని వైపుకు లాగి, నవ్వించి, భయపెట్టి వెళ్తాడు. శాట్రియానీ వాక్యం మొదలుపెట్టి, దాన్ని పూర్తి చేసి, తర్వాతి వాక్యానికి వెళ్ళే ముందు ఆగుతాడు.